తాతగారి చెరువు, కార్వేటినగరం దావా

స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకం ఏదైనా రాయమని మన అసోసియేషన్ మిత్రులు అడిగారు. మేష్టార్ల గురించి, ఆటల గురించి నాకన్నా బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వృత్తిరీత్యా వకీలును, అభిరుచిరీత్యా పాత కాగితాలు తిరగేసేవాణ్ణి. అందుకని బడిలో చదువుకోని ఒక చరిత్ర రాస్తున్నాను. దాని మొదలు మాత్రం బడి రోజుల్లోనే ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు మా అమ్మమ్మగారి ఊరు వెళ్లాను. చోడవరం నుంచి మాడుగుల వైపు పోయే దారికి కాస్త లోపలగా ఉంటుందా ఊరు. అక్కడ తాతగారికి పూర్వం నుంచి వస్తున్న చిన్న ఇనాం, దానితోపాటు ఒక చెరువు ఉండేవి. చెరువంటే ఏ సాగరమో అనుకోకండి. కొండ దిగి వచ్చే గెడ్డకు అడ్డంగా పోసిన మట్టి గట్టు, మహా అయితే రెండు నిలువుల ఎత్తు. ఒక మదుం, ఒక పక్క రాళ్లు పేర్చిన పొర్లుకట్టు. కింద పాతిక ముప్పై ఎకరాల పల్లం. ఇంజినీర్ల లెక్కలో అది ఆనకట్టే కాదు. మా తాతగారి లెక్కలో మాత్రం ఇంట్లో మనిషి. వానాకాలం రాత్రిళ్లు లాంతరు పట్టుకుని గట్టు మీద ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వస్తే గాని ఆయనకు నిద్రపట్టేది కాదు.

ఆ ఏడు తుపాను వాన రెండు రోజులు ఆగకుండా పడింది. రెండో రాత్రి మదుం పక్కన గట్టు తెగింది. తెల్లారేసరికి చెరువు ఖాళీ. మనుషులకేమీ కాలేదు. కానీ కింద ఉన్న మా ఆయకట్టు దాటి, అవతలి రైతు పొలంలోకి నీరు పోయి, పొట్టమీదున్న వరి మీద మోకాలెత్తు ఇసుక మేట వేసింది. అతను తడిసిన గొంగడితోనే మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సేనంతా మేటేసిపోనాది బాబూ. సెరువు మీది, నీల్లు మీయి. నానేటి తినాల?"

"చెరువు నాదే. వాన నేను కురిపించానా?" అన్నారు తాతగారు.

ఊరి పెద్దలు కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు. తీర్పేదీ తేలకుండానే నా సెలవులు అయిపోయాయి. ఇద్దరి మాటా నాకు న్యాయంగానే కనిపించింది. బడి తెరిచాక సోషల్ మేష్టారిని అడిగాను. "అది చరిత్ర కాదురా, లా," అన్నారు. లా చదివాక తెలిసింది, అది చరిత్రే. మా అరుగు మీద జరిగిన ఆ వాదనే అంతకు నూరేళ్ల ముందు మన తెలుగు నేల మీది ఒక జమీందారుకు, ఒక రైలు కంపెనీకి మధ్య జరిగింది. లండన్ దాకా వెళ్లింది.

దాని సంగతి చెప్పాలంటే ముందు ఇంగ్లండులోని ఒక గుంట గురించి చెప్పాలి.

లాంకషైర్‌లో జాన్ రైలాండ్స్ అనే బట్టల మిల్లు యజమాని మిల్లు అవసరానికి ఒక చిన్న జలాశయం కట్టించుకున్నాడు. కట్టే పని తెలిసిన ఇంజినీరుకు, గుత్తేదారుకు అప్పగించాడు. తవ్వుతుంటే కింద పాత బొగ్గు గనుల దారులు బయటపడ్డాయి. పనివాళ్లు వాటిని గట్టిగా పూడ్చలేదు. 1860 డిసెంబరులో నీళ్లు నింపారు. నింపిన కొద్ది రోజులకే ఆ పాత దారుల గుండా నీరంతా పక్కనున్న థామస్ ఫ్లెచర్ బొగ్గు గనిలోకి దిగిపోయింది. రైలాండ్స్ చేసిన తప్పేమీ లేదు. గనుల సంగతి అతనికి తెలియనే తెలియదు. అయినా 1866లో జస్టిస్ బ్లాక్‌బర్న్, 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఫ్లెచర్ పక్షానే చెప్పారు. తప్పించుకుంటే హాని చేసే వస్తువును నీ లాభం కోసం నీ నేల మీదికి తెచ్చి పెట్టుకున్నావు, అది తప్పించుకుంటే నష్టం నీదే, నీ అజాగ్రత్తను ఎవరూ రుజువు చేయనక్కరలేదు అన్నది ఆ తీర్పు సారాంశం. లా విద్యార్థులంతా మొదటి ఏడాదిలో చదివే కేసు ఇది. అది చదివిన రోజు నాకు గొంగడి కప్పుకున్న ఆ రైతే గెలిచినట్టనిపించింది. తాతగారికి ఉత్తరం రాద్దామనుకుని, ధైర్యం చాలక మానేశాను.

రాయకపోవడమే మంచిదయింది. రెండు వారాల తరువాత కార్వేటినగరం కేసు కంటపడింది.

కార్వేటినగరం అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, తరువాత చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. పెద్ద జమీందారీ, కొండల నడుమ చెరువుల మీద బతికే నేల. మద్రాసు రైల్వే కంపెనీ తన వాయవ్యపు లైనును అరక్కోణం నుంచి రేణిగుంట మీదుగా రాయచూరు వైపు వేసింది. చెరువుల కింద, వాగులకు అడ్డంగా రైలుకట్ట వచ్చి కూర్చుంది. అసాధారణమైన వరద ఒకటి వచ్చి, జమీందారు చెరువులు రెండు తెగి, ఆ నీరు కంపెనీ వంతెనలను, కట్టడాలను కొట్టుకుపోయింది. కంపెనీ నష్టపరిహారానికి దావా వేసింది. లండన్‌లో అప్పుడే వచ్చిన రైలాండ్స్ తీర్పు దాని చేతిలో కొత్త కత్తి. చెరువు జమీందారుది, నీరు అతని నేల మీదిది, తప్పించుకుంది, కాబట్టి సొమ్ము కట్టాలి.

కింది కోర్టు ఒప్పుకోలేదు. మద్రాసు హైకోర్టూ ఒప్పుకోలేదు. 1874లో ప్రీవీ కౌన్సిల్ కూడా జమీందారు పక్షానే నిలిచింది. ఎందుకో చెప్పిన తీరులోనే ఈ కేసు గొప్పతనం ఉంది. లాంకషైర్ మిల్లు గుంట ఒక మనిషి తన లాభానికి తెచ్చిపెట్టుకున్నది, అక్కరలేకపోతే పూడ్చేసుకోవచ్చు. చెరువు అలాంటిది కాదు. అది ఈ దేశంలో చరిత్రకు అందనంత పాతది, లక్షల మందికి అన్నం పెట్టే ఏర్పాటులో ఒక భాగం. దాన్ని కాపాడే బాధ్యత మొదట రాజ్యానిది, తరువాత జమీందారుల మీదికి వచ్చింది. వద్దనుకుని గండికొట్టి ఖాళీ చేసే హక్కు జమీందారుకు లేదు. ఉంచక తప్పని చెరువు తెగిందని దండన వేయడం కుదరదు. అయితే అతను తగిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నది చూడాలి. గట్టు బాగుందని, పొర్లునీటి దారులు సరిపడా ఉన్నాయని, వరదే మితిమీరిందని కింది కోర్టు సాక్ష్యం మీద తేల్చింది. కాబట్టి దావా కొట్టేశారు.

అంటే మా తాతగారి మాటకు ప్రీవీ కౌన్సిల్ ఒక షరతు జోడించి ముద్ర వేసింది: వాన నీది కాదు సరే, గట్టు బాగుచేశావా?

నేను ఈ తీర్పును ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. వలస పాలనలో వచ్చిన తీర్పుల్లో మన వ్యవసాయాన్ని ఇంత గౌరవంగా అర్థం చేసుకున్నవి అరుదు. అయితే దానిలో ఒక లొసుగు ఉంది. జమీందారు చెరువును కాపాడతాడు, ఎందుకంటే కాపాడటం అతని విధి అన్న నమ్మకం మీద ఆ తీర్పంతా నిలబడింది. విధి ఉన్నంత మాత్రాన పని జరుగుతుందని ఎక్కడుంది?

మన పూర్వులకు ఆ భ్రమ లేదు. కౌటిల్యుడు చెరువును సొంత ఆస్తిగానే ఒప్పుకున్నాడు. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. కొత్తగా కడితే ఐదేళ్లు పన్ను మినహాయింపు, పాడుపడ్డది బాగుచేస్తే నాలుగేళ్లు. కానీ ఆపద ఏదీ లేకుండా ఐదేళ్లు వాడకుండా వదిలేస్తే యాజమాన్యం పోతుంది. నీళ్లున్న గట్టును తెగ్గొట్టినవాడికి శిక్ష అక్కడే ముంచి చంపడం. శిక్ష సంగతి ఎలా ఉన్నా, పట్టించుకోనివాడికి చెరువు మీద హక్కు లేదన్న మాట మాత్రం నాకు నచ్చుతుంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర రాళ్ల మీద చెక్కిన శాసనం దీనికన్నా వివరంగా ఉంటుంది. క్రీ.శ. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లకు నూరు బళ్లు, రెండేళ్ల పని అని లెక్క చెప్పి, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఏకరువు పెట్టాడు. ఆ దోషాల్లో ఒకటి గట్టులోంచి నీరు ఊరడం. ఇంకొకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. మొదటిది ఇంజినీరు మాట, రెండోది వకీలు మాట. ఇద్దరు యజమానుల మధ్య ఉన్న గట్టును ఎవరూ బాగుచేయరని ఆరున్నర శతాబ్దాల క్రితమే రాయి మీద రాసిపెట్టారు. ఆ చెరువు ఇప్పటికీ పారుతోంది. వీలైతే ఒకసారి చూసి రండి.

ఊట సంగతి మా తాతగారికీ తెలుసు. మట్టి గట్టు సాధారణంగా రెండు విధాల చస్తుంది. పైనుంచి పొర్లితే గట్టు వెనక వాలు కోసుకుపోయి గంటల్లో గండి పడుతుంది. అందుకే పొర్లుకట్టు ఎప్పుడూ గట్టు మీద కన్నా తగ్గులో, అడ్డం లేకుండా ఉండాలి. రెండోది లోపలినుంచి చావు. ఎండ్రకాయ బొరియ, ఎలుక కన్నం, చెద పుట్ట, ఎండిన చెట్టు వేరు కుళ్లిన సందు, వీటిలో ఏదో ఒకటి నీటికి దారి ఇస్తుంది. దారి దొరికిన నీరు మట్టి రేణువును ఒక్కొక్కటిగా మోసుకుపోతుంది. వెనక వాలులో తేటనీరు ఊరితే అంత భయం లేదు, బురదనీరు వస్తే పరుగెత్తాలి. తాతగారు లాంతరు కిందికి వంచి చూసేది అదే. అన్నిటికన్నా మోసం చేసే చోటు మదుం పక్క. రాతి కట్టుబడికి మట్టి ఎప్పటికీ అతుక్కోదు. ఆ సందులోంచి మొదలైన ఊటే ఆ రాత్రి మా చెరువును తీసుకుపోయింది. మదుం రాళ్లు కదిలాయని, వేసవిలో విప్పి మళ్లీ కట్టించాలని రెండేళ్లుగా అనుకుంటున్నారని తరువాత అమ్మమ్మ చెబితే తెలిసింది. డబ్బు కుదరలేదు. ఆ ఏళ్లలో మా పిన్ని పెళ్లి అయింది.

ప్రీవీ కౌన్సిల్ ముందుకు ఆ మాట వెళ్లి ఉంటే తాతగారు ఓడిపోయేవారు.

మన జిల్లాలో చెరువుల యాజమాన్యం కథ 1802 శాశ్వత బందోబస్తుతో కొత్త మలుపు తిరిగింది. విజయనగరం, మాడుగుల వంటి పాత జమీలకు పేష్కషు ఖాయం చేశారు. చెరువులు, గెడ్డలు, మదుములు ఎస్టేటుతోపాటు జమీందారు కిందికి పోయాయి. కొందరు మంచి చెరువులు తవ్వించారు, పాతవి నిలబెట్టారు. ఆ పేర్లు ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. కానీ ఎస్టేటు అప్పుల్లో పడితే ముందు ఆగేది చెరువు మరమ్మతే. శిస్తు మాత్రం ఆగదు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టంలో మరమ్మతు కోసం రైతులు కలెక్టరుకు అర్జీ పెట్టుకునే వీలు ఉంది. జమీందారు మీద జమీ రైతు అర్జీ పెట్టడం ఎంత తేలికో చెప్పనక్కరలేదు. 1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చాక టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన వేసిన కమిటీ జమీందారీ రైతుల బాధలు విన్నది. పూడిన చెరువుల సంగతి ఆ విచారణలో వచ్చింది. నీటివనరులు రైతుల బతుకు కోసమే గాని జమీందారు ఆస్తి కోసం కాదన్న వాదన అక్కడ బలపడింది.

తరువాత 1948 చట్టం. ఎస్టేటు రద్దయిన రోజు నుంచి ఏమేమి ప్రభుత్వానికి చెందుతాయో దాని మూడో సెక్షనులో ఒక పొడవాటి జాబితా ఉంది. అడవులు, గనులు, నదులు, రేవులు, వాటి మధ్య చెరువులు, నీటిపారుదల కట్టడాలు. ఒక్క వాక్యంతో వేల గట్లకు యజమాని మారాడు. ఇనాం చెరువులు మిగిలాయి. వాటి పని 1975లో ఇనాముల రద్దు చట్టానికి వచ్చిన సవరణ పూర్తిచేసింది. మా చెరువు ఆ విధంగా మా చేయి దాటింది. తాతగారు అప్పటికి మంచం మీద ఉన్నారు. చెప్తే, "పోనీలే, ఇక రాత్రిళ్లు నడవక్కరలేదు," అన్నారు. నిజంగానే ఆ తరువాత ఎవరూ నడవలేదు.

జమీందారీ రద్దును తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ చట్టం రాకపోతే మనలో సగంమందికి బడే లేదు, ఈ సంచికా లేదు. నేను చెప్పేది వేరే. చెరువు చేతులు మారినప్పుడల్లా ఆస్తి పూర్తిగా మారింది, గట్టు మీద నడిచే పని మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. కొన్నాళ్లు నూరెకరాల లోపు ఆయకట్టు ఉన్నవి పంచాయతీల వైపు, పెద్దవి నీటిపారుదల శాఖ వైపు. 1997 చట్టంతో నీటి సంఘాలు. చేపల పాట ఒకరిది, మట్టి ఒకరిది, నీరు ఒకరిది. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషం ఇప్పుడు ప్రతి చెరువుకూ పట్టింది.

యజమాని మారితే ఏమవుతుందో అమెరికా వాళ్లు మనకన్నా ఘోరంగా నేర్చుకున్నారు. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ అనే మట్టి ఆనకట్టను మొదట రాష్ట్ర ప్రభుత్వమే కాలువ కోసం కట్టింది. కాలువలకు కాలం చెల్లి అది రైలు కంపెనీకి, అక్కణ్ణుంచి ఒక ప్రైవేటు ఆసామికి, చివరికి చేపల వేటకు, షికారుకు పెట్టుకున్న ధనవంతుల క్లబ్బుకు వెళ్లింది. ఆండ్రూ కార్నెగీ కూడా ఆ క్లబ్బు సభ్యుడే. మధ్యలో ఒకరు అడుగున నీరు వదిలే ఇనుప గొట్టాలను పీకి అమ్ముకున్నారు. క్లబ్బు వాళ్లు బళ్లు ఎదురెదురుగా నడవడానికని గట్టు ఎత్తు తగ్గించి వెడల్పు చేశారు, చేపలు పోకుండా పొర్లుదారికి జాలీ బిగించారు. 1889 మే 31న పెద్ద వానకు జాలీలో చెత్త పేరుకుంది, నీరు గట్టు మీద నుంచి పొర్లింది. కింద జాన్స్‌టౌన్ ఊళ్లో 2,209 మంది చనిపోయారు. క్లబ్బు మీద వేసిన దావాల్లో ఒక్కటీ గెలవలేదు. చేపల జాలీ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

అంత పాత కథ వద్దనుకుంటే 2018 మే 9 రాత్రి కెన్యాలోని సోలాయ్ చూడండి. ఒక పెద్ద ప్రైవేటు తోటకు నీళ్ల కోసం వేసిన మట్టి ఆనకట్ట వానలకు తెగి కనీసం 47 మందిని తీసుకుపోయింది. దానికి అనుమతులు లేవని అధికారులు తరువాత ప్రకటించారు. తరువాత.

మన దగ్గర? 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర డెల్టా ఫాస్ట్ ప్యాసింజరు ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్లే బండి. రాత్రి వానకు ఎగువ చెరువు తెగి, ఆ నీరు రైలుకట్ట కింద చిన్న వంతెనను కొట్టుకుపోయింది. తెల్లవారుజామున ఆ సంగతి తెలియక బండి దానిమీదికి వచ్చింది. నూట పదిమందికి పైగా పోయారు. ఆ రోజు పేపరు చదువుతూ నేను కార్వేటినగరం తీర్పును బీరువాలోంచి మళ్లీ తీశాను. చెరువు, వరద, రైలు వంతెన. 131 ఏళ్ల తరువాత అదే దృశ్యం. తేడా ఒక్కటే. అప్పుడు కంపెనీకి దావా వేయడానికి ఎదుట ఒక జమీందారు ఉన్నాడు.

ప్రభుత్వం యజమాని అయితే చట్టం ఏమీ చేయలేదా అంటే, అలా ఏమీ లేదు. పంజాబులో ఒక సర్కారు కాలువకు గండిపడి పొలాలు మునిగితే 1964లో సుప్రీంకోర్టు, మోడరన్ కల్టివేటర్స్ అనే కేసులో, రైలాండ్స్ సూత్రాన్ని పక్కనపెట్టింది. అయినా బాగా చూసుకునే కాలువకు ఊరికే గండిపడదని, నిర్వహణ కాగితాలు చూపించలేదంటే అజాగ్రత్త ఉన్నట్టేనని రైతు పక్షాన తీర్పు చెప్పింది. నా దృష్టిలో కార్వేటినగరానికి ఇది సరైన కొనసాగింపు. చూసుకున్నానని చెప్పేవాడు కాగితం చూపించాలి. 1986లో ఢిల్లీ ఒలియం గ్యాస్ కేసులో ప్రమాదకరమైన పరిశ్రమలకు సంపూర్ణ బాధ్యత పెట్టారు గాని, ఆ మాట చెరువుల దాకా రాలేదు. రావాలని కూడా నేను అనను. చెరువు విషవాయువు కాదు.

2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. మంచి చట్టమే. యజమాని ప్రభుత్వమైనా, కంపెనీ అయినా, ఒక మనిషి అయినా ఒకే బాధ్యత. వానలకు ముందు, తరువాత తనిఖీ, ఆపద వేళ ఎవరిని ఎలా తరలించాలో ముందే రాసిన ప్రణాళిక. అయితే ఇది 15 మీటర్లు దాటిన ఆనకట్టలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నీటి నిలువ, వరద పరిమాణం వంటి కొన్ని షరతుల్లో ఏదైనా తీరే వాటికి మాత్రమే వర్తిస్తుంది. మన చుట్టుపక్కల రైవాడ, కోనాం, పెద్దేరు వంటి జలాశయాల గురించి ఆలోచించే యంత్రాంగం ఒకటి ఉంది. మా తాతగారి చెరువు ఎత్తు మూడు మీటర్లు. ఆ చట్టం కంటికి అది ఆనదు. చిన్నదే, నిజమే. కానీ 1874లో గట్టు కింద ఉన్నది వరి. ఇప్పుడు చాలా చోట్ల ఉన్నది ఇళ్లు. గట్టు ఎత్తు పెరగకపోయినా ప్రమాదం పెరిగింది.

పైగా కొత్త సొంత గట్లు పుడుతున్నాయి. చేపల గుంటలు, తోటలకు వేసుకునే నీటి కుంటలు, లేఅవుట్లలో అందం కోసం ఆపిన గెడ్డలు. వీటిలో కొన్ని మన పూర్వ విద్యార్థులవే. ఇవి జమీందారు చెరువులు కావు, ఎవరి మీదా మోపిన విధి కావు. కావాలని తెచ్చిపెట్టుకున్నవి. కోర్టుకు వెళ్తే వీటికి కార్వేటినగరం రక్షణ దొరుకుతుందని నేను మాత్రం అనుకోను. వీటి చుట్టం లాంకషైర్ మిల్లు గుంట. పొర్లుదారి లేకుండా గుంట తవ్వుకున్న మిత్రులు ఎవరైనా ఉంటే ఫీజు లేకుండా ఇస్తున్న సలహా ఇది.

మొన్న ఆగస్టులో అమ్మమ్మగారి ఊరు వెళ్లాను. మన ప్రాంతం ఇప్పుడు అనకాపల్లి జిల్లా, నాకు ఇంకా విశాఖ జిల్లా అనే నోటికి వస్తుంది. చెరువు నిండుగానే ఉంది. తెగిన చోట తరువాత వేసిన కొత్త మట్టి ఇప్పటికీ రంగు వేరుగా కనిపిస్తుంది. గట్టు మీద తుమ్మలు మొలిచి మానులయ్యాయి. ఒక చోట గట్టును అడ్డంగా కోసి ప్లాస్టిక్ పైపు వేసి మళ్లీ కప్పారు, ఎవరిదో మోటారుకు. గెడ్డ దిగువన, పొర్లునీరు పోయే దారిలో, పది పన్నెండు ఇళ్లు. వాటిలో ఒకటి ఆ గొంగడి రైతు మనవడిది. అతను నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేసి, టీ ఇచ్చాడు. పాత తగవు సంగతి అడిగాను. మా తాతగారు రెండు పంటలకు ఇంత చొప్పున ధాన్యం కొలిచారని వాళ్ల నాన్న చెప్పేవాడట. ఎంతో అతనికి తెలియదు. మా ఇంట్లో మాత్రం ఈ మాట ఎప్పుడూ వినలేదు.

ఇద్దరం కలిసి పొర్లుకట్టు దగ్గరికి వెళ్లాం. రాళ్ల సందుల్లో వెదురు తడిక, దానికి నైలాన్ వల బిగించి ఉంది, చేపలు పోకుండా. వలకు అప్పటికే ఆకూ అలమా పట్టి ఉంది. పాట పాడుకున్న కుర్రాడు అక్కడే ఉన్నాడు. వానల వరకైనా అది తీసేయమన్నాను.

"సేపలు పోతే ఎవులిస్తారు బాబూ?" అన్నాడు.

జాన్స్‌టౌన్ కథ చెప్పాను. ఓపిగ్గా విని, తడిక రెండు చోట్ల వదులు చేశాడు, తీయలేదు. మర్నాడు పంచాయతీలో ఒక అర్జీ ఇచ్చాను. గట్టు మీద తుమ్మలు, పైపు కోత, పొర్లుకట్టుకు వల, దిగువన ఇళ్ల సంఖ్య, నాలుగూ రాసి, ఆ మనవడి చేత కూడా సంతకం పెట్టించాను. ముద్ర, తేదీ వేయించుకున్న నకళ్లు రెండు. ఒకటి నా దగ్గర ఉంది, రెండోది అతని దగ్గర.